ఒలీవచెట్టు రాజరికమునకు పోవచ్చునా?

చదువవలసిన భాగములు: న్యాయాధిపతులు 9:7–15, 1 సమూయేలు 12:1–5, 23, యోహాను 6:15, 13:12–15



ఎన్నికలు వచ్చిన ప్రతిసారి మన పల్లెలలో ఒక ప్రశ్న లేచుచున్నది. పగలు బడిలో పాఠములు చెప్పి, సాయంకాలము పిల్లలకు ఆటలు నేర్పి, ఆదివారము గుడిలో వాక్యము చదువు పంతులుగారు ఒకనాడు పార్టీ కండువా వేసికొనిన యెడల అది మంచిదా, చెడ్డదా? తెనాలిలో అడిగినను, బాపట్లలో అడిగినను, రేపల్లె దిగువ లంకపల్లెలలో అడిగినను రెండే జవాబులు వచ్చును. “ఆ బురదలోకి ఆయనకెందుకండీ, హాయిగా పాఠాలు చెప్పుకోక?” అని కొందరందురు. “మనవాడొకడు పైన లేకపోతే మన గోడు ఎవరు చెపుతారు?” అని మరికొందరందురు. ఈ రెండు మాటలలోను నిజమున్నది. కనుక దీనిని తొందరపడి త్రోసివేయక, దేవుని వాక్యపు వెలుగులో నిదానముగా విచారింతము.

మన సంఘములలో ఈ ప్రశ్నకు బరువెక్కువ. 1842 జూలై 31వ తేదీన హయ్యరుగారు గుంటూరు చేరిన నాటినుండి మన సీమలో సువార్తతోకూడ బడియు నడిచినది. బాపట్లలో బాప్టిస్టు మిషనువారు ఉపాధ్యాయులను తయారుచేయు శిక్షణ పాఠశాలను నడిపిరి. పేటలో ఒక తాటాకు పాక, పగలు అది బడి, రాత్రి ప్రార్థనశాల, ఉపదేశియే పంతులు. కచేరినుండి వచ్చిన కాగితము చదివిపెట్టినవాడు ఆయనే. వేలిముద్ర వేయు చేతికి బలపము పట్టించినవాడును ఆయనే. అట్టి మనిషి లేచి మరియొక చోటికి పోయిన యెడల ఒక కుర్చీ ఖాళీ అగుట మాత్రమే కాదు, ఒక దీపము స్థలము మారును. అది క్రొత్త చోట వెలుగునా, పాత చోట చీకటి మిగులునా అని సంఘము అడుగుట న్యాయమే.

యోతాము గెరిజీము కొండ కొమ్మున నిలిచి చెప్పిన ఉపమానము మీరెరుగుదురు. చెట్లు తమకొక రాజు కావలెనని బయలుదేరినవి. ఒలీవచెట్టును అడిగినవి, అది తన నూనెను విడిచి రానన్నది. అంజూరపుచెట్టు తన తీపిని, ద్రాక్షావల్లి తన రసమును విడువనన్నవి. కడపట ముండ్లపొదను అడుగగా, అది వెంటనే ఒప్పుకొని, తన నీడకు రండని పిలిచి, రానియెడల అగ్ని పుట్టింతునని బెదిరించినది. తన సహోదరులను చంపి షెకెములో రాజైన అబీమెలెకును గూర్చి ఆ మాట చెప్పబడినది.

ఈ ఉపమానమును పట్టుకొని, ఫలించు చెట్టు రాజరికమునకు పోరాదని కొందరు బోధింతురు. మంచి చెట్లన్నియు ఇంటనే కూర్చుండుటచేత ముండ్లపొద గద్దె నెక్కినది గనుక తప్పు మంచి చెట్లదే యని మరికొందరందురు. మేము ఈ రెండు అర్థములతోను పూర్తిగా ఏకీభవింపము. ఒలీవచెట్టు చెప్పిన అభ్యంతరమును జాగ్రత్తగా చూడుడి. పరిపాలన పాపమని అది అనలేదు. తన నూనెను మానుకొనవలసి వచ్చునే యని దాని భయము. అనగా ప్రశ్న పోవుటనుగూర్చి కాదు, ఫలమునుగూర్చి. పోయిన తరువాతకూడ నూనె ఇచ్చు ఒలీవచెట్టు ఉండునా? ఉన్నయెడల దానిని ఎట్లు గుర్తుపట్టవలెను?

దీనికి మనము దూరదేశములకు పోనక్కరలేదు. తెనాలినుండి బాపట్లకు రైలులో పోవునప్పుడు నడుమ నిడుబ్రోలు స్టేషను తగులును. ఆ ఊరిలో 1900 నవంబరు 7వ తేదీన గోగినేని రంగనాయకులుగారు పుట్టిరి. లోకము వారిని ఆచార్య రంగా అని పిలిచినది. వారు మన గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో చదివి, ఇంగ్లాండుకు పోయి ఆక్స్‌ఫర్డులో అర్థశాస్త్రమభ్యసించి, తిరిగివచ్చి మద్రాసు పచ్చయ్యప్ప కళాశాలలో ఆచార్యులైరి. 1930లో జాతీయోద్యమములో ప్రవేశించిరి. 1936లో అఖిల భారత కిసాన్ సభ ఏర్పడినప్పుడు దాని స్థాపకులలో ఒకరైరి. 1951లో కాంగ్రెసును విడిచి కృషికార్ లోక్ పార్టీని నడిపిరి. ఆంధ్రరాష్ట్రపు తొలి సంవత్సరములలో ఆ పార్టీ మంత్రివర్గముల బలాబలములను మార్చగల స్థితిలో నుండెను. 1955 ఎన్నికలలో అది మరల కాంగ్రెసుతో కలిసి పోటీచేసినది. 1957లో తెనాలి ప్రజలు రంగాగారిని లోక్‌సభకు పంపిరి. 1959లో స్వతంత్ర పార్టీ పుట్టగా దానికి వారే మొదటి అధ్యక్షులు. 1991వరకు సుమారు 60 ఏండ్లు చట్టసభలలో గడిపి, 1995లో కన్నుమూసిరి. 1945లో స్థాపించిన మన బాపట్ల వ్యవసాయ కళాశాల నేడు ఏ విశ్వవిద్యాలయములో భాగమో, దానికి వారి పేరే పెట్టబడినది.

ఇన్ని పార్టీలు మారినవారిని ఆదర్శముగా చూపవలెనా అని ఎవరైనను అడుగవచ్చును. మేము వారి పార్టీలనుగూర్చి తీర్పు చెప్పుటకు కలము పట్టలేదు. ఒక్క సంగతి మాత్రము గమనింపుడి. ఆచార్య పదవిని విడిచినవారు ఆచార్యత్వమును విడువలేదు. 1930వ దశకములోనే తమ స్వగ్రామమైన నిడుబ్రోలులో రైతాంగ విద్యాలయమును పెట్టిరి. సభలలో ఎట్లు మాట్లాడవలెను, పన్నుల లెక్క ఎట్లు చూడవలెను, అర్జీ ఎట్లు వ్రాయవలెను, నలుగురిని ఎట్లు కూడదీయవలెను అనునవి తెలియనిదే సామాన్యుడు రాజ్యవ్యవహారములలో నిలువలేడు. అట్టి శిక్షణకొరకు పల్లెయువకులు అక్కడికి వచ్చిరి. నాయకుడు మాట్లాడ, జనము చప్పట్లు కొట్టుట మనమెరిగిన రాజకీయము. జనమునకే మాట నేర్పుట అరుదైన రాజకీయము.

ఆ శిష్యులలో ఒకరు శ్రీకాకుళము సీమ బారువలో 1909లో పుట్టిన గౌతు లచ్చన్నగారు. కల్లుగీత కార్మికుల పక్షమున పోరాడి, రాష్ట్ర శాసనసభలో గొప్ప ప్రతిపక్ష నాయకుడని పేరుపొందినవారు. మరియొకరు తెనాలి–రేపల్లె రైలు దారిలోని వేమూరులో 1933లో పుట్టిన కొణిజేటి రోశయ్యగారు. వీరు 1968లో శాసనమండలిలో ప్రవేశించి, మంత్రిగా పలుమార్లు రాష్ట్ర బడ్జెట్టును ప్రవేశపెట్టి, 2009లో ముఖ్యమంత్రియై, తరువాత తమిళనాడు గవర్నరుగా పనిచేసి, 2021లో మరణించిరి. గురువు ఎన్నడును రాష్ట్రమునకు ముఖ్యమంత్రి కాలేదు, శిష్యుడాయెను. దీనిని గురువు ఓటమి యనవచ్చునా?

మన పిల్లలు చెడుగుడు ఆడుట చూడుడి. కూతకు పోవువాడు గీత దాటును. నేర్పిన పంతులు గీత ఇవతలనే నిలుచును. పాయింటు పిల్లవానిది, చప్పట్లు పిల్లవానివి. నేర్పినవానికి మిగులునది గొంతు బొంగురు, కాళ్ళకు దుమ్ము, కన్నులలో సంతోషము. ఆ సంతోషము చాలునన్నవాడే శిక్షకుడు. చాలదని తానే ప్రతి కూతకు పోవువాడు ఆటగాడు కావచ్చును గాని శిక్షకుడు కాడు. రాజకీయములలో అడుగుపెట్టిన ఉపాధ్యాయునికి ఇదే మొదటి పరీక్ష. తనకంటె తన శిష్యుడు ముందుకు పోయినప్పుడు అతని ముఖము ఎట్లుండును? పాళెములో ఎల్దాదు, మేదాదు అనువారు ప్రవచించుట విని, వారిని మాన్పింపుమని యెహోషువ మోషేను వేడుకొనెను. మోషే అసూయపడలేదు సరికదా, జనులందరు అట్లు ప్రవక్తలైన ఎంత బాగుండునని కోరెను (సంఖ్యాకాండము 11:26–29). ఫలము విడువని ఒలీవచెట్టు గుర్తు అదే.

రంగాగారి జీవితములో మరియొక సంగతి కలదు. 1962 సాధారణ ఎన్నికలలో వారు ఓడి, ఉప ఎన్నికలో చిత్తూరునుండి లోక్‌సభకు పోయిరి. 1967లో మరల ఓడిరి. అప్పుడు శ్రీకాకుళము లోక్‌సభ స్థానమును గెలిచిన లచ్చన్నగారు దానిని వదలుకొనగా, ఆ ఉప ఎన్నికలో రంగాగారు నిలిచి గెలిచిరి. దీనిని గురుదక్షిణ యని లోకము మెచ్చుకొనినది. శిష్యుని కృతజ్ఞత మెచ్చదగినదే. అయినను మనము ఇంకొక మాట చేర్చవలెను. ప్రజల ఓటు ఏ శిష్యుని సొత్తును కాదు, దక్షిణగా ఇచ్చుటకు. లచ్చన్నగారు ఇవ్వగలిగినది తన చోటు మాత్రమే. గురువు మరల జనుల ముందర నిలిచి అడుగవలసి వచ్చెను, జనులు మరల ఆలోచింపవలసి వచ్చెను. పెద్ద పండితుడైనను ఓటరు ఎదుట చేతులు కట్టుకొని నిలువవలసినదే. అది పంతులుగారికి అలవాటు లేని పాఠము.

ఇక్కడ ఉపాధ్యాయుని బలహీనతనుకూడ చెప్పవలెను. బడిలో ఆయన మాటకు ఎదురుండదు. తప్పు దిద్దువాడు ఆయన, దిద్దించుకొనువారు పిల్లలు. ఇరువది ముప్పది ఏండ్లు అట్లు గడచినవాడు ఊరంతయు తన తరగతి గదియే యని తలంచు ప్రమాదము కలదు. ఓటరు శిష్యుడు కాడు. అతడు పెరిగినవాడు, ప్రశ్న అడుగు హక్కు గలవాడు. మరియు పిల్లలు పెట్టు నమస్కారము నమ్మకముతో పెట్టునది. దానిని ఓట్లుగా మార్చుకొనుట నమ్మకమును అమ్ముకొనుటయే. మార్కులు వేయు చేతికి భయపడి తండ్రి ఓటు వేసిన యెడల, అది ముండ్లపొద నీడయే గాని ఒలీవ నీడ కాదు. అందుచేతనే ప్రభుత్వోద్యోగములో నున్న ఉపాధ్యాయుడు రాజీనామా ఇయ్యక శాసనసభకు నిలువరాదని చట్టము చెప్పుట మేలైనది. రెండు పడవలలో కాళ్ళు పెట్టుట ప్రయాణికునికే కాదు, పడవలకుకూడ చేటు.

ఉపాధ్యాయుల జ్ఞానము రాజ్యమునకు అక్కరయని మన రాజ్యాంగమే ఒప్పుకొన్నది. శాసనమండలిలో పండ్రెండవ వంతు స్థానములు ఉపాధ్యాయులు ఎన్నుకొనునవిగా పెట్టిరి. ఆంధ్రప్రదేశ్ శాసనమండలి 1958లో ఏర్పడి, 1985లో రద్దై, 2007లో మరల లేచినది. నేటి 58 స్థానములలో ఉపాధ్యాయులు ఎన్నుకొనునవి 5. అయితే ఆ ఓటు ఉన్నత పాఠశాల స్థాయికి తగ్గని విద్యాలయములలో మూడేండ్లు బోధించినవారికే. పేటలో అ ఆ లు దిద్దించు ప్రాథమిక పాఠశాల పంతులమ్మకు ఆ ఓటు లేదు. అక్షరమునకు పునాది వేసిన చేయి ఆ పెట్టె దగ్గరకు రాదు. దీనినిబట్టి మనము నేర్చుకొనవలసినది, ఎత్తైన స్థలములలో ఎప్పుడును ఎవరో ఒకరు లెక్కకు రాకుండ పోవుదురని. పైకి పోయిన ఉపాధ్యాయుడు మొదట వెదకవలసినది వారినే.

ఇది రంగాగారి విషయములోను మనకు ఎదురగు ప్రశ్న. వారు రైతుకొరకు నిలిచిరి. 1959లో కాంగ్రెసు సహకార వ్యవసాయపు తీర్మానము చేసినప్పుడు, సేద్యగాని భూమి సేద్యగానిదే యని ఎదిరించి బయటికి వచ్చిరి. భూమి గలవానికి అది ధైర్యమిచ్చు మాట. కాని మన సంఘములలో ఎక్కువమంది పరుల చేలలో నాట్లు వేసి, కోతలు కోసి, కూలితో పొయ్యి వెలిగించినవారు. గట్టు మీద నిలిచినవాని హితమును, మడిలో వంగినవాని హితమును ఎల్లప్పుడు ఒక్కటి కావు. రైతుకు ధాన్యము ధర పెరుగవలెను; కూలికి బియ్యము ధర తగ్గవలెను. ఎంత మంచి గురువైనను తాను ఎదుగిన ఇంటి కిటికీలోనుండియే లోకమును మొదట చూచును. ఇది నిందకాదు, మనుష్య స్వభావము. అందుచేత వేరొక కిటికీలోనుండి చూచినవారును సభకు పోవలెను.

అట్లు పోయినవారిలో గుఱ్ఱం జాషువగారు ఒకరు. 1895లో వినుకొండలో పుట్టి, గుంటూరులో లూథరను మిషనువారి ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో బోధించి, తెలుగు పండితులుగా జీవనము గడపి, అంటరానితనపు బాధను పద్యములలో పెట్టిన మహాకవి వారు. 1964లో శాసనమండలికి నియమింపబడిరి. బడి వాకిట వెలుపల నిలువబెట్టబడు బిడ్డ బాధ ఎట్టిదో చెప్పుటకు, ఆ బాధ ఎరిగిన ఉపాధ్యాయునికంటె తగినవాడెవడు? “మనవాడొకడు పైన లేకపోతే” అను పల్లెవాని మాటలోని నిజము ఇదియే. అయితే “మనవాడు” అనగా మన కులమువాడనియో, మన సంఘమువాడనియో సరిపెట్టుకొనరాదు. మన బాధను నేర్చుకొనినవాడు మనవాడు. నేర్చుకొనుట మానినవాడు మన పేటలో పుట్టినను పరాయివాడే.

సమూయేలు దీనికి గొప్ప మాదిరి. అతడు ఇశ్రాయేలునకు న్యాయము తీర్చెను. రామాలో ప్రవక్తల సమూహమునకు పెద్దగా నిలిచి వారిని నడిపించెను (1 సమూయేలు 19:20). ముసలితనములో అధికారము రాజు చేతికి పోవుచుండగా జనులందరి యెదుట నిలిచి తన లెక్క తానే విప్పెను. ఎవని ఎద్దునైనను, గాడిదనైనను పట్టుకొంటినా, ఎవనినైన బాధించితినా, లంచము పుచ్చుకొంటినా అని అడిగెను. జనులు లేదనిరి. పదవి పోయిన తరువాతకూడ జనులకొరకు ప్రార్థించుటయు, మంచి మార్గమును బోధించుటయు మానననెను. చూచితిరా! గద్దె పోయినను బోధ మిగిలినది. బోధను గద్దెకొరకు ఖర్చుపెట్టినవానికి గద్దె పోయిన దినమున ఏమియు మిగులదు. అయినను వాక్యము సమూయేలు ఇంటి దుఃఖమునుకూడ దాచలేదు. బెయేర్షెబాలో న్యాయాధిపతులైన అతని కుమారులు లంచము పుచ్చుకొనిరి (8:1–3). ఊరందరికి బోధించినవాని ఇంట పాఠము నిలువలేదు. రాష్ట్రమంతయు తిరుగు పంతులుగారు తన యింటి దీపమునుకూడ చూచుకొనవలెను.

కాబట్టి సంఘమునకు మా మనవి ఇది. మీలో ఒక ఉపాధ్యాయుడు ఎన్నికలలో నిలువ తలపెట్టిన యెడల, పోవద్దని అడ్డుపడకుడి. పొమ్మని పూలదండలతో ఊరేగించుటకును తొందరపడకుడి. ఆయనను కూర్చుండబెట్టి, గౌరవముతో మూడు ప్రశ్నలు అడుగుడి. అయ్యా, మీ స్థానములో పాఠము చెప్పుటకు ఎవరిని తయారుచేసితిరి? మీ పార్టీవారి పలకమీద తప్పు కనబడినప్పుడు, మా పిల్లల పలకమీద దిద్దినట్లే దిద్దుదురా? ఓడిన మరుసటి ఉదయము మీరు ఎక్కడ నుందురు? మోషే తన దినములు ముగియుచున్నవని తెలిసినప్పుడు, జనులు కాపరిలేని గొఱ్ఱెలు కాకుండ ఒకనిని ఏర్పరచుమని దేవుని వేడుకొనెను (సంఖ్యాకాండము 27:15–18). మొక్క నాటి పోవు చెట్టు తన ఫలమును విడిచినది కాదు. మొక్క నాటక పోవునది ఎంత ఎత్తునకు పోయినను తోటకు నష్టమే.

సంఘపెద్దలకును, మావంటి కాపరులకును ఒక హెచ్చరిక అవసరము. గుడి మైకు ఏ పార్టీ గుర్తును పలుకరాదు. మంచివాడైనను, మనవాడైనను, ప్రసంగపీఠము ఎన్నికల అరుగు కారాదు. వేరొక గుర్తుకు ఓటు వేయు సహోదరి బల్ల యొద్దకు తల వంచుకొని రావలసిన పరిస్థితి కలిగించుట ప్రభువు శరీరమును చీల్చుటయే.

కడపటిగా మన బోధకుడైన ప్రభువును చూతము. రొట్టెలు తిన్న జనులు ఆయనను బలవంతముగా రాజును చేయబోగా, ఆయన ఒంటరిగా కొండకు వెళ్ళిపోయెను. ఆకలికి పుట్టిన జేజేలను ఆయన నమ్మలేదు. అట్లని లోకమును విడిచి కొండమీదనే యుండిపోలేదు. జనులలోనికి తిరిగివచ్చెను, యెరూషలేమునకు పోయెను, అధికారుల యెదుట నిలిచెను. ఆ రాత్రి భోజనము దగ్గర, తాను బోధకుడును ప్రభువునై యుండి, తువాలు నడుమునకు కట్టుకొని శిష్యుల పాదములు కడిగెను. తనకంటె గొప్ప క్రియలు వారు చేయుదురని చెప్పి సంతోషించెను (యోహాను 14:12). బోధకుని పీఠము ఎంత ఎత్తుననుండవలెనో అక్కడ తేలినది: శిష్యుని పాదములంత ఎత్తున.

అసెంబ్లీకి పోవు పంతులుగారికి ఆ తువాలు బరువు కాదు. దానిని భుజముమీది కండువాతోపాటు తీసికొనిపోవుదురు గాక. మన పేట బడిలో బలపము పట్టించు చేతికి కొదువ లేకుండ, మన సభలలో నిజము పలుకు నోటికి కొదువ లేకుండ, ప్రభువు మన సంఘములకు అట్టి ఉపాధ్యాయులను దయచేయును గాక. ఆమేన్.